70 వేల కోట్ల ఫండ్‌ల మన 25 లక్షలు: ఉంచాలా, తియ్యాలా?

హన్మకొండ నుంచి ఒక చెల్లె రాసిన్రు. ఉత్తరం చాలా పొడుగుంది, ముఖ్యమైనవి మాత్రం తీసి చెప్తున్న. వాళ్లాయనది సింగరేణి ఉద్యోగం, డ్యూటీ భూపాలపల్లిల, పిల్లల చదువుల కోసం ఈమె హన్మకొండల కిరాయింట్ల ఉంటున్నరు. బిడ్డ ఇంటర్ సెకండియర్, కొడుకు ఎనిమిదో తరగతి. 2018ల మరిది మ్యూచువల్ ఫండ్ల ఏజెంటుగ పని మొదలువెట్టినప్పుడు "వదినా, పది ఫండ్లెందుకు, గీ ఒక్కటి చాలు" అని ఒక పెద్ద ఫ్లెక్సీ క్యాప్ ఫండ్‌ల (పెద్ద, మధ్య, చిన్న కంపెనీలు ఏవైనా కొనే ఫండ్‌ల) అన్న పేరు మీద నెలకు 10 వేల సిప్ (నెలనెలా కట్టే పద్ధతి) పెట్టించిండు. దసరా ముందర లాభాల వాటా వచ్చినప్పుడల్లా కొంత అండ్లనే వేసిన్రు. మొత్తం పెట్టింది 14 లక్షల 50 వేలు, ఇప్పటి విలువ దగ్గర దగ్గర 25 లక్షలు.

అప్పుడు ఆ ఫండ్ సైజు, అంటే అండ్ల అందరి పైసలు కలిపి, 9 వేల కోట్లట, ఇప్పుడు 70 వేల కోట్లు దాటింది. రెండేండ్ల సంది ఇండెక్స్ (మార్కెట్ ఎంత పెరిగిందో చూపెట్టే సూచీ) కన్నా వెనకవడ్డది. వాళ్లాయన తోటి పనిచేసే ఒకతను "అంత పెద్దగైనంక ఇగ అది పెరగదు, ఇండెక్స్ ఫండ్‌కు మారు" అంటున్నడు, అంటే ఏరుకోకుండ ఆ సూచీల ఉన్న కంపెనీలే కొనే ఫండ్. పక్కింటోళ్లు మామునూరు దిక్కు ప్లాట్ కొన్నరు, వాళ్లాయన మనసు అటు గుంజుతున్నది. మరిదేమో ఏదీ ముట్టొద్దు అంటడు. అసలు చిక్కు ఏందంటే ఫోలియోల (ఫండ్ ఖాతాల) ఉన్న ఈమెయిల్, ఫోన్ నంబర్ రెండూ మరిదివే, ఈమె స్టేట్‌మెంట్ ఎప్పుడూ సొంతంగ చూసింది లేదు, ఆయన ఫోన్‌ల చూపెడితే చూసుడే. ఒకసారి కాయితం అడిగితే యారాలు ఆ బతుకమ్మకు మాట్లాడలేదట. "మా పైసల లెక్క మేము అడిగితే తప్పెట్లయితది? ఫండ్ మంచిదా కాదా అది ఒక్కటి చెప్పండి చాలు" అని ముగించిన్రు.

చెల్లె, తప్పు కాదు. ముందు అది మనసుల నుంచి తీసేయండి. మీరు ఫండ్ పేరు కూడా రాసిన్రు కానీ ఇక్కడ పెడతలేను, ఇంటి గొడవ ఊరందరికీ ఎరుక కావొద్దు. ఫండ్ మంచిదా కాదా అని ఒక్క ముక్కల చెప్పొచ్చు కానీ అట్ల చెప్తే మీకు పని జరగదు, ఎందుకంటే మీ ఉత్తరంల మూడు ముడులు ఒకదాంట్ల ఒకటి చిక్కుకున్నయి. ఫండ్ సంగతి ఒకటి, మరిది కమిషన్ సంగతి ఒకటి, బిడ్డ ఫీజుల సంగతి ఒకటి. ఫండ్ ఎంత మంచిదైనా మూడోదానికి అది జవాబు కాదు, ఫండ్ ఎంత చెడ్డదైనా రెండోది మాయం కాదు.

అన్నిటికన్నా ముందు ఫోలియోల ఫోన్ నంబర్, ఈమెయిల్ మార్పించండి. ఇది ఎవరి మీద అనుమానంతోటి చేసే పని కాదు, మీ ఆయన సంతకంతోటి ఒక ఫారం ఇస్తే అయిపోతది, ఫండ్ కంపెనీల గానీ వాళ్ల ఖాతాల లెక్కలు చూసే రిజిస్ట్రార్ క్యామ్స్ లేకుంటే కేఫిన్‌టెక్‌ల గానీ ఇయ్యొచ్చు. ఇప్పుడున్న పద్ధతిల మీ పైసలు తియ్యాలంటే ఓటీపీ మరిది ఫోన్‌కు పోతది, రేపు ఆయనకే ఏదన్నా అయితే మీరు ఎవర్ని అడుగుతరు? నంబర్ మారినంక క్యామ్స్ గానీ కేఫిన్‌టెక్ గానీ వాళ్ల వెబ్‌సైట్ల మీ ఆయన పాన్, ఈమెయిల్ కొడితే అన్ని ఫండ్లది కలిపి ఒకటే స్టేట్‌మెంట్ వస్తది. అండ్ల ఏ నెల ఎన్ని యూనిట్లు, ఏ ధరకు వచ్చినయో ఉంటది. ఆరు నెలలకోసారి వచ్చే స్టేట్‌మెంట్‌లనైతే ఏజెంట్‌కు ఎంత కమిషన్ ముట్టిందో కూడా రూపాయల్లో రాసి ఉంటది. అది సెబీ (షేర్ మార్కెట్‌ను అదుపుల పెట్టే సర్కారు సంస్థ) పెట్టిన నియమం, దాపరికం లేదు. నేను కింద చెప్పేదంతా ఈ కాయితం చేతుల ఉంటేనే పనికొస్తది.

ఇప్పుడు ఫండ్. సైజు పెరిగితే ఫండ్ పాడైతదా? దీనికి కొంత లెక్క చూడాలె. ఎనుమాముల మార్కెట్‌ల పది బస్తాల మిర్చి కావాల్సినోడు యార్డు అంతా తిరిగి ఏరి ఏరి మంచి తేజ రకం కొనుక్కుంటడు, పదివేల బస్తాలు కావాల్సినోడు ఏరుకునుడు కుదరదు, పైగా ఆయన కొంటుంటేనే ధర లేస్తది, అమ్మబోతే పడ్తది. పెద్ద ఫండ్ పరిస్థితి అదే. దానికి తోడు సెబీ నియమం ఒకటుంది, ఒక ఫండ్ కంపెనీ తన స్కీములన్నీ కలిపి కూడా ఏ ఒక్క కంపెనీలనూ ఓటు హక్కున్న షేర్లు 10 శాతం కన్నా ఎక్కువ పట్టుకోవద్దు. 5 వేల కోట్ల విలువున్న చిన్న కంపెనీ ఒకటి మేనేజర్‌కు బాగా నచ్చిందనుకోండి, గరిష్ఠంగ కొన్నా 500 కోట్లే, 70 వేల కోట్ల ఫండ్‌ల అది ముప్పావు శాతం కూడా కాదు. ఆ కంపెనీ షేరు డబుల్ అయినా మీ ఫండ్ పెరిగేది ముప్పావు శాతం లోపే. అదే ఫండ్ 9 వేల కోట్లున్నప్పుడు ఆ 500 కోట్లు అయిదున్నర శాతం, అప్పుడు డబుల్ అయితే ఫండ్ అంతా ఊగేది. అంటే 2018ల మీకు లాభం తెచ్చింది చిన్న, మధ్య కంపెనీలైతే ఆ దారి ఇప్పుడు చాలామటుకు మూసుకున్నట్టే, అండ్ల మేనేజర్ తప్పు కూడా ఏం లేదు.

కానీ ఆ మేనేజర్ అప్పుడు కూడా పెద్ద కంపెనీలే కొన్నడనుకోండి, అప్పుడు సైజు పెద్ద అడ్డం కాదు. పెద్ద బ్యాంకు షేర్లల్ల, రిలయన్స్‌ల వెయ్యి కోట్లు పెట్టుడు ఎప్పుడైనా అయితది. పైగా సైజు పెరిగేకొద్దీ ఫండ్ తీసుకునే ఖర్చు శాతం పరిమితిని సెబీ తగ్గిస్తది, ఆ మేరకు మీకే మేలు. అందుకే "పెద్దగైంది, ఇగ పెరగదు" అన్న మీ ఆయన దోస్తు మాట సగం నిజం. ఏ సగం మీకు వర్తిస్తదో తేల్చుడు కష్టమేం కాదు, ఒక ఆదివారం పొద్దుగాల కూసుంటే అయితది. ఫండ్ కంపెనీ వెబ్‌సైట్ల పాత ఫాక్ట్‌షీట్లు (ఫండ్ ఏమేం కొన్నదో చెప్పే నెలవారీ కాయితాలు) ఉంటయి, మీరు చేరిన 2018 నాటిది ఒకటి, పోయిన నెలది ఒకటి తీసి పక్కపక్కన పెట్టండి. బిడ్డను కూసోబెట్టుకోండి, లెక్క నేర్చుకుంటది.

మొదట కంపెనీల సంఖ్య చూడండి. అప్పుడు ముప్ఫై ఉండి ఇప్పుడు ఎనభై ఉంటే మేనేజర్ పైసలు పెట్టే జాగ దొరకక పరుచుకుంటూ పోతున్నడని అర్థం. తర్వాత మొదటి పది కంపెనీల పేర్లు. అవే నిఫ్టీల (50 పెద్ద కంపెనీల సూచీల) మొదటి పది కూడా అయ్యి, శాతాలు కూడా అటుఇటుగ అంతే ఉంటే మీరు యాక్టివ్ ఫండ్ (మేనేజర్ ఏరి కొనే ఫండ్) ఖర్చు కట్టి ఇండెక్స్ ఫండ్ కొనుక్కుంటున్నట్టు. తర్వాత లార్జ్, మిడ్, స్మాల్ ఎంతెంత అనేది. సెబీ లెక్కల మార్కెట్ విలువ ప్రకారం మొదటి 100 కంపెనీలు లార్జ్, 101 నుంచి 250 దాకా మిడ్, 251 నుంచి కిందివన్నీ స్మాల్. 2018ల మిడ్, స్మాల్ కలిపి 40 శాతం ఉండి ఇప్పుడు 15కు వస్తే మీరు చేరిన ఫండ్ వేరు, ఇప్పుడున్న ఫండ్ వేరు. పాత కాయితంల పేరు మల్టీ క్యాప్ అని ఉండి ఇప్పుడు ఫ్లెక్సీ క్యాప్ అని ఉంటే మాత్రం గాబరా పడొద్దు. 2020 సెప్టెంబర్‌ల సెబీ మల్టీ క్యాప్‌లు మూడు సైజుల్ల తలా 25 శాతమన్నా పెట్టాలె అన్నది, చాలా పెద్ద ఫండ్లకు అది కుదరదు కాబట్టి నవంబర్‌ల ఫ్లెక్సీ క్యాప్ అని కొత్త వర్గం తెచ్చింది, శాన ఫండ్లు అటు మారినయి.

ఇగ మీరు భయపడుతున్న రెండేండ్ల వెనకబాటు. రెండేండ్లు చూసి ఫండ్‌ను తీసేస్తే ఏ మంచి ఫండూ మన దగ్గర నిలవదు. హెచ్‌డీఎఫ్‌సీ ఈక్విటీ అని ఉండేది, ఇప్పుడు దాన్నే హెచ్‌డీఎఫ్‌సీ ఫ్లెక్సీ క్యాప్ అంటున్నరు. 2018 నుంచి 2020 దాకా అది బాగ వెనకవడ్డది, మేనేజర్ ప్రశాంత్ జైన్ పని అయిపోయిందని మస్తు మంది రాసిన్రు, బయటికి పోయిన్రు. ఆయన చవకగ దొరికే షేర్లు కొనే మనిషి, అప్పుడు మార్కెట్‌ల ఆ రకం షేర్లను ఎవరూ పట్టించుకోలేదు. 2021 నుంచి గాలి మారంగనే ఆ ఫండ్ మళ్లా లేచింది. ఆయన 2022 జూలైల ఆ కంపెనీ విడిచిపోయిండు. ఇండ్ల మీరు చూడాల్సినవి రెండున్నయి. వెనకబాటు మేనేజర్ పద్ధతి వల్ల వచ్చిందా, లేక పద్ధతే మార్చుకుని తప్పటడుగు వేసిండా అనేది ఒకటి. పాత రికార్డు ఎవరిదో ఆ మనిషి ఇంకా కుర్చీల ఉన్నడా అనేది ఇంకోటి. అమెరికాల ఫిడెలిటీ మెజెల్లన్ ఫండ్‌ను పీటర్ లించ్ 1977 నుంచి 1990 దాకా నడిపిండు, ఏటా సగటున 29 శాతం దాకా వచ్చింది, ఆయన పోయినంక కూడా జనం ఆ పేరు చూసి పైసలు పోసిన్రు, ఎంత పెరిగిందంటే 1997ల కొత్తవాళ్లను తీసుకునుడే ఆపిన్రు, మళ్లా 2008ల గానీ తెరవలేదు. పేరు అదే, కానీ ఆ రాబడి మళ్లా రాలేదు. మీ ఫండ్ ఫాక్ట్‌షీట్ల మేనేజర్ పేరు పక్కన ఎప్పటి నుంచి అని తేదీ ఉంటది, అది చూడకుండ పదేండ్ల రాబడి చూడొద్దు.

రాబడి చూసేటప్పుడు కూడా "గత 3 ఏండ్లు ఇంత" అనే ఒక్క అంకె నమ్మకండి, అది ఇయ్యాల్టి తేదీ మీద ఆధారపడ్డ అంకె, నెల తర్వాత చూస్తే వేరే ఉంటది. రోలింగ్ రాబడి అంటరు, 2018 జనవరి నుంచి మూడేండ్లు, ఫిబ్రవరి నుంచి మూడేండ్లు, మార్చి నుంచి మూడేండ్లు, ఇట్ల అన్ని మూడేండ్ల ముక్కలు తీసి ఎన్నిట్ల ఇండెక్స్‌ను దాటిందో చూసుడు. ఉచితంగ చూపెట్టే వెబ్‌సైట్లు ఉన్నయి. పదిట్ల ఆరేడు సార్లు దాటితే ఆ ఫండ్‌కు ఖర్చు కట్టుడు న్యాయమే అని నా అభిప్రాయం, సగం కన్నా తక్కువైతే కాదు. పోల్చేది కూడా సరైన దాంతోటి పోల్చాలె, ఫ్లెక్సీ క్యాప్‌కు నిఫ్టీ 500 టీఆర్ఐ, అంటే డివిడెండ్లు కూడా కలిపిన ఇండెక్స్. 2018 ఫిబ్రవరికి ముందు ఫండ్లు డివిడెండ్లు కలపని ఇండెక్స్‌తోటి పోల్చుకుని ఏడాదికి ఒక శాతం పైనే ఎక్కువ గెలిచినట్టు చూపెట్టుకునేటివి, సెబీ అది ఆపింది. మరిది చూపెట్టే పాత చార్టుల ఏ ఇండెక్స్ ఉన్నదో అడగండి.

ఇంకొక్కటి, మార్కెట్ పడ్డప్పుడు మీ ఫండ్ ఎంత పడ్డది. 2024 సెప్టెంబర్ చివర నుంచి 2025 మార్చి మొదటి వారం దాకా నిఫ్టీ బాగ దిగింది, ఆ ఆర్నెల్లల్ల మీ ఎన్‌ఏవీ (ఒక యూనిట్ ధర) ఇండెక్స్ కన్నా తక్కువ పడ్డదా ఎక్కువ పడ్డదా చూడండి. కొన్ని పెద్ద ఫండ్లు నగదు ఎక్కువ పట్టుకుని ఉంటయి, పెరిగేటప్పుడు వెనకవడ్తయి, పడేటప్పుడు కాస్తయి. మీది ఆ రకమైతే రెండేండ్ల వెనకబాటు మీకు తెలిసి ఒప్పుకున్న బేరం లెక్క అయితది.

ఇప్పుడు కమిషన్ ముచ్చట. మీరు రాసిన అంకెల ప్రకారం ఏజెంట్ ద్వారా కొనే రెగ్యులర్ ప్లాన్ ఖర్చు 1.3 శాతం, ఏజెంట్ లేకుండ నేరుగ కొనే డైరెక్ట్ ప్లాన్‌ది 0.6. తేడా 0.7. వినడానికి చిన్నగ ఉంటది, 25 లక్షల మీద ఏడాదికి 17,500 రూపాయలు, పైసలు పెరిగినకొద్దీ అదీ పెరుగుతది. ఇండ్ల ఎక్కువ శాతం మరిదికే ముడ్తది. అది దొంగసొమ్ము కాదు, ఆయన పనికి దొరికే చట్టబద్ధమైన కమిషన్. మీరే రాసిన్రు, 2020 మార్చిల నిఫ్టీ రెండు నెలల్ల 38 శాతం పడి మీ ఆయన అంతా అమ్మేద్దాం అన్నప్పుడు మరిది ఇంటికొచ్చి కూసోని, దండం పెట్టి మరీ ఆపిండని. ఆ ఒక్క రోజు విలువ ఇన్నేండ్ల కమిషన్ కన్నా ఎక్కువే. కానీ ఇప్పుడు స్టేట్‌మెంట్ అడిగితే మొహం ముడుచుకుంటున్నరంటే, ముందు ముందు ఆ 17,500కు మీకు ఏం సేవ అందుతున్నదో అడిగే హక్కు మీకున్నది. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజమే.

బిడ్డ ఫీజు గురించి మాత్రం గట్టిగనే చెప్తున్న. బీటెక్‌కు హాస్టల్‌తోటి కలిపి ఏడాదికి రెండున్నర లక్షలు అని రాసిన్రు, అంటే నాలుగేండ్లకు పది లక్షలు, మొదటి ఫీజు ఏడాది లోపే కట్టాలె. ఆ పైసలు ఏ ఈక్విటీ ఫండ్‌ల ఉంచినా జూదమే, అది ఎంత గొప్ప ఫండ్ అయినా సరే. 2020 లాంటిది కౌన్సెలింగ్ నెలలనే వస్తే 25 లక్షలు పదిహేనున్నర అవుతయి, అప్పుడు అమ్మక తప్పదు. కనీసం మొదటి రెండేండ్ల ఫీజు, 5 లక్షలు, ఇప్పుడే తీసి ఎఫ్‌డీల పెట్టండి. తీసేటప్పుడు సగం మార్చి 31 లోపు, సగం ఏప్రిల్‌ల తియ్యండి. ఏడాది దాటిన యూనిట్ల మీద లాభం ఒక ఆర్థిక సంవత్సరంల లక్షా 25 వేల దాకా పన్ను లేదు, ఆ పైన 12.5 శాతం. అమ్మేటప్పుడు పాత యూనిట్లే ముందు పోతయి, వాటిల సగం పైన లాభమే ఉంటది కాబట్టి రెండున్నర లక్షలు తీస్తే పన్ను దాదాపు ఏం పడదు. మిగతా రెండేండ్ల ఫీజు కూడా ఇట్లనే ఏటా కొంత కొంత.

ఇది పక్కన పెట్టినంక మిగిలే 20 లక్షల గురించే మీకు నిజమైన ఎంపిక ఉన్నది. ఫాక్ట్‌షీట్లు చూసినంక ఫండ్ తన పద్ధతిల ఉన్నది, మేనేజర్ ఉన్నడు, ఇండెక్స్‌కు నిజంగ భిన్నంగ ఉన్నది అనిపిస్తే ఉన్నది ఉన్నట్టు ఉంచి కొత్త సిప్ మాత్రం వేరే దాంట్ల వేసుకోవచ్చు. ఒకే ఫండ్, ఒకే మేనేజర్ మీద ఇంటి పొదుపంతా ఉండుడు నాకు నచ్చలేదు, ఎనిమిదో తరగతి కొడుకు చదువుకు ఇంకా అయిదేండ్లు ఉన్నది కాబట్టి నిఫ్టీ 500 ఇండెక్స్ ఫండ్ డైరెక్ట్‌ల ఆ 10 వేలు పోతే ఖర్చు చాలా తక్కువ. దాని బాధ కూడా తెలుసుకోండి, అది మార్కెట్‌ను ఎన్నడూ దాటదు, పడ్డప్పుడు పూర్తిగ పడ్తది, అప్పుడు దండం పెట్టి ఆపే మరిది ఉండడు. 2020ల అమ్మేద్దాం అన్నది మీ ఆయనే కదా, మళ్లా అట్లంటే మీరు ఆపగల్గుతరా అనేది మీ ఇద్దరూ మాట్లాడుకోండి.

అట్ల కాకుండ మొత్తం ఒకేసారి డైరెక్ట్‌కో ఇండెక్స్‌కో మార్చేస్తనంటే, అదే ఫండ్‌ల రెగ్యులర్ నుంచి డైరెక్ట్‌కు మారినా చట్టం దాన్ని అమ్మకం కిందనే చూస్తది. మీ మొత్తం లాభం పదిన్నర లక్షలు, లక్షా 25 వేలు తీసేస్తే 9 లక్షల 25 వేల మీద 12.5 శాతం, సెస్సు కలిపి లక్షా 20 వేల దాకా పన్ను. ఏడాది నిండని సిప్ యూనిట్ల లాభం మీద 20 శాతం పన్ను, మామూలుగ ఉండే 1 శాతం ఎగ్జిట్ లోడ్ (తొందరగ తీసినందుకు ఫండ్ కోసుకునే రుసుము) వేరే, ప్రతి నెల సిప్‌కు దాని ఏడాది దానిదే. లక్షా 20 వేలు కట్టి ఏడాదికి 17,500 మిగిలించుకునుడు ఇప్పుడు అవసరం లేదనే అంటను. ఫండ్ అచ్చం ఇండెక్స్ లెక్కనే ఉన్నదని తేలితే, ఏటా లక్షా 25 వేల లాభం మేరకు అమ్ముకుంటూ మెల్లగ మారొచ్చు, పదిన్నర లక్షల లాభానికి ఎనిమిదేండ్ల పైనే పడ్తది. ఫీజుకు తీసేది కూడా ఆ లెక్కలనే వస్తది, రెండూ కలిపి చూసుకోండి.

మామునూరు ప్లాట్ గురించి ఎక్కువ చెప్పను. అక్కడి ఎయిర్‌పోర్టుకు 2025 ఫిబ్రవరిల కేంద్రం ఒప్పుకున్నది నిజమే, ఆ వార్తతోటే ధరలు ఎక్కినయి కూడా, మీరు కొనేది వార్త వచ్చినంక ధరకు. రిజిస్ట్రేషన్‌కే ఏడున్నర శాతం పోతది, రెండున్నర లక్షల ఫీజు కట్టాల్సిన నెలల ప్లాట్‌ల ఒక మూల కోసి అమ్మలేరు. కొంటే కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి ఉన్న లేఅవుట్ చూసి, ఫీజు పైసలు ముట్టకుండ, మిగిలిన దాంట్ల కొంటే అభ్యంతరం లేదు. 25 లక్షలు మొత్తం అటు పోనియ్యకండి.

మరిదితోటి మాట మాత్రం మీరు కాదు, మీ ఆయన మాట్లాడాలె. ఫండ్ ఆయన పేరు మీదున్నది, తమ్ముడు ఆయన తమ్ముడు, వదిన అడిగితే అనుమానం లెక్క వినిపిచ్చేది అన్న అడిగితే పని లెక్క వినిపిస్తది. పండుగ నాడు అందరి ముంగట వద్దు, ఆయన భూపాలపల్లి నుంచి వీక్లీ ఆఫ్‌కు వచ్చినప్పుడు ఇద్దరే కూసోవాలె. "తమ్మీ, బిడ్డ కాలేజీ వస్తున్నది, పైసల కాయితాలన్నీ నేను నా ఈమెయిల్‌కు, నా ఫోన్‌కు తెచ్చుకుంటున్న, ఫీజుకు అయిదు లక్షలు తీస్తున్న, మిగతాది నీ దగ్గరనే ఉన్నది, దాని గురించి ఏటా ఒకసారి కూసోని నాకు లెక్క చెప్పు" అని అడిగితే ఆయన కమిషన్ మీద దెబ్బ పెద్దగ పడదు, మీ లెక్క మీ చేతికొస్తది. అప్పుడు కూడా ఆయన కాయితం ఇయ్యనంటే, మొహమాటం లేకుండ ఫారం నేరుగ ఫండ్ కంపెనీల ఇయ్యండి, దానికి ఏజెంట్ సంతకం అవసరం లేదు. యారాలుకు ఈ లెక్కలేవీ చెప్పకండి, బతుకమ్మకు ముందే పిలిచి పూలు తెంపుదాం రమ్మనండి. రెండు ఫాక్ట్‌షీట్లు చూసినంక కంపెనీల సంఖ్య, మొదటి పది పేర్లు, మేనేజర్ తేదీ రాసి పంపితే, ఉంచుడా మెల్లగ మారుడా అనేది ఇంకా వివరంగ చెప్త.